సగం పోసిన స్లాబు

ముందుగా ఎవరూ చెప్పలేదు. రోడ్డు మూసేవాళ్ళు ఆ రోడ్డు మీద బతికేవాళ్ళకి ఒక మాట చెప్పి మూయాలి. చెప్పలేదు. మేస్త్రి దృష్టిలో అది తేలిపోయిన సంగతి. దాని మీద వాదన లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టిన స్లాబు సగం పడింది, సగం పడలేదు. అది ఎవరిదో ఇంటి స్లాబు కాదు, మేస్త్రి సొంత ఇంటిది. పెద్దరోడ్డు మీంచి చీలిన ఇరుకు సందులో రెండో ఇల్లు, రెండు గదులు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ గదుల మీద రేకులే. ఊరందరికీ కప్పులు పోసినవాడు తన నెత్తి మీద రేకులు వేసుకుని ఇన్నాళ్ళు వెళ్ళదీశాడు. వాన కురిసినప్పుడల్లా భార్య మంచాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి జరిపేది. కారే చోట గిన్నె పెట్టేది. "మేస్త్రి పెళ్ళాన్నని బయట చెప్పుకోకు, నీకే సిగ్గుచేటు" అని తనలో తానే అనుకుని నవ్వేది. నవ్వు వెనకే దగ్గు వచ్చేది. ఆమె కూడా అతని ముఠాలోనే తట్ట మోసింది. సిమెంటు దుమ్ము ముందు ఆమె ఊపిరితిత్తుల్లో చేరింది, ఆ తర్వాత ఆమెని ఆసుపత్రికి చేర్చింది.

ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదన్నారు. వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. ఆమె కూర్చుంది. బల్ల పైన గోడ మీద ఆ ఆసుపత్రి గుర్తు ఉంది: అరచేతిలో దీపం. ఆమె తల వాల్చేసిన గంటలో మేస్త్రి ఇంకెటూ చూడలేక దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అప్పటి నుంచి ఆ గుర్తు ఎక్కడ కనబడినా వదలడు. పోస్టరైతే చింపేస్తాడు. ఫ్లెక్సీ అయితే తాళ్ళు తెంపి ఇంటికి తెచ్చుకుంటాడు. చింపడం కోపం కొద్దీ, తెచ్చుకోవడం పని కొద్దీ. కట్టుబడి పనివాళ్ళు ఫ్లెక్సీని వృథాగా పోనివ్వరు. సిమెంటు బస్తాల మీద కప్పుతారు, తడి కాంక్రీటు మీద పరుస్తారు, ఆడకూలీలు స్నానం చేయడానికి చాటుగా కడతారు. ఊళ్ళో ఎవరు ఏ మొహంతో నవ్వుతూ ఫ్లెక్సీకి ఎక్కినా చివరికి బస్తాల మీద బోర్లా పడుకోవాల్సిందే.

ఆ ఆదివారానికి ముందు ఒక సాయంత్రం పని నుంచి వస్తుంటే సందు మొదట్లో రెండు స్తంభాల మధ్య కొత్త ఫ్లెక్సీ కనిపించింది. పైన అరచేతిలో దీపం. సంచీలోంచి కటింగ్ ప్లేరు తీశాడు. తాళ్ళు టకటకా తెంపాడు. అక్షరాలు లోపలికి వచ్చేలా మడిచి, ఇంటి ముందున్న సిమెంటు బస్తాల మీద కప్పాడు. కింద ఏం రాసి ఉందో చదవలేదు. చదవడం రాక కాదు. ఊరి బళ్ళో అక్షరాలు గట్టిగానే దిద్దాడు. ఆ గుర్తు కింద రాసింది ఏదైనా సరే చదవకూడదని మనసులో గీత గీసుకున్నాడు, అంతే.

ఆదివారమే ఎందుకంటే ముఠాకి సెలవు ఆ ఒక్క రోజే. మేస్త్రి సొంత కప్పు పోస్తుంటే ముఠా కూలి తీసుకోదు. అది వాళ్ళలో రివాజు. అందరూ వచ్చారు. మోకాళ్ళు పట్టేసి పని మానేసిన ముసలమ్మ కూడా వచ్చింది. ఇలాంటి రోజు రెండోసారి అడగడానికి నోరు రాదు. తెల్లారితే వాళ్ళంతా తలో దిక్కూ, ఎవరి పనులు వాళ్ళవి.

సందులో ఇసుకా కంకరా పోసుకునే చోటు లేదు కాబట్టి ప్లాంటు నుంచి కలిపిన కాంక్రీటే తెప్పించాడు, రెండు లారీలు. మొదటి లారీ చీకటి విడుస్తుండగానే వచ్చి సందు మొదట్లో పరిచిన ఇనుపరేకు మీద సరుకు దింపి వెళ్ళిపోయింది. తట్టలు చేతులు మారుతూ సందులోకి, సందులోంచి నిచ్చెన మీదికి, నిచ్చెన మీంచి కప్పు మీదికి వెళ్ళాయి. నిచ్చెన మొదట్లో నిలబడి "అందుకో" అని పైకి అందించే చోటు మేస్త్రి భార్యది. ఆ చోట ఎవరు నిలబడాలని ఎవరూ అడగలేదు. కూతురు చున్నీ నడుముకి బిగించి వెళ్ళి నిలబడింది.

సగం కప్పు పూర్తయ్యేసరికి కింది నుంచి బావమరిది కేక వేశాడు. అతను మేస్త్రి భార్యకి తమ్ముడు. పనిలో ఎంత గట్టివాడో నోటిలో అంతకు రెట్టింపు.

"బావా! రోడ్డంతా జనం బావా! పెద్దపెద్దవాళ్ళంతా నిక్కర్లేసుకుని తిరుగుతున్నారు!"

"తిరిగితే తిరగనీ. రెండో లారీ వచ్చిందా?"

"వచ్చింది. అవతల ఆగింది. మధ్యలో ఇనుపకంచెలు పెట్టేశారు."

మేస్త్రి కప్పు అంచున వంగి చూశాడు. రోజూ బస్సులూ లారీలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే రోడ్డు, ఊడ్చి కడిగినట్టు ఖాళీగా ఉంది. అటు పక్కా ఇటు పక్కా కంచెలు. అవతలి వీధి మొగలో వాహనాలన్నీ ముక్కులు ఆనించుకుని నిలబడ్డాయి. బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి మెట్టు మీద కూర్చుని నారింజ ఒలుచుకుంటున్నాడు. ప్రయాణికులు దిగి, సామాన్లు చంకన పెట్టుకుని, ఎవరిని తిట్టాలో తెలియక ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. చేపల వ్యాను చుట్టూ ఊళ్ళో పిల్లులన్నీ చేరాయి. వ్యానుకీ బస్సుకీ మధ్య, పొట్ట తిప్పుకుంటూ, మేస్త్రి కాంక్రీటు లారీ.

మేస్త్రి కూతురితో ఒకే మాట అన్నాడు. "గోనెపట్టాలు తడిపి పోసిన అంచు మీద వెయ్యి. ఎండనివ్వకు."

ఆమెకి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో పుట్టింది. పోసిన కాంక్రీటు గట్టిపడిపోయాక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ కలవవు. మధ్యలో అతుకు మిగులుతుంది. పైన ఎంత పూత పూసినా మొదటి వానకే నీళ్ళు ఆ అతుకు వెతుక్కుంటూ వస్తాయి. మేస్త్రి పోసిన కప్పుల్లో ఇంతవరకూ అతుకున్నది లేదు. మొదటిది తన ఇంటి మీదే పడబోతోంది, సరిగ్గా భార్య మంచం వేసుకున్న గది మధ్యలో.

మేస్త్రి దిగి వెళ్ళేసరికి కంచె దగ్గర కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. చెమట తుడుచుకుని తుడుచుకుని చేతిరుమాలు పిండేలా ఉంది.

"లారీ ఇటు రావాలి," అన్నాడు మేస్త్రి.

"రాదు."

"ఎప్పుడొస్తుంది?"

"పరుగు పందెంలో ఆఖరివాడు దాటాక."

"ఆఖరివాడు ఎప్పుడు దాటుతాడు?"

"వాడి కాళ్ళనడగాలి. పోయినసారి ఒకాయన మధ్యలో కూర్చుని టీ తాగి మరీ వచ్చాడు."

"నా స్లాబు సగంలో ఉంది."

"నా టిఫినూ సగంలోనే ఉంది. ఏం చెయ్యను పెద్దాయనా, పై నుంచి ఆర్డరు. రోగుల కోసం పరిగెడుతున్నారు. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డు కడతారంట."

మేస్త్రి అప్పుడు చూశాడు, కంచె మీద, నీళ్ళ బల్లల మీద, పచ్చచొక్కాలు వేసుకుని తిరిగే కార్యకర్తల గుండెల మీద, ఎక్కడ పడితే అక్కడ అరచేతిలో దీపం.

పచ్చచొక్కాల్లో ఒకావిడ దగ్గరికొచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. మెడలో విజిలు. నిటారుగా నడుస్తోంది, నలుగురి చేత పని చేయించిన నడక.

"ఏంటండీ ఇబ్బంది?"

"ఇబ్బంది మీరే. రోడ్డు మూసేముందు చెప్పాలని తెలీదా?"

"చెప్పాం కదండీ. ఈ సందు మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. నేనే దగ్గరుండి కట్టించాను."

"ఏ ఫ్లెక్సీ? కళ్ళున్నాయిగా మీకు. ఎక్కడుంది?"

ఆవిడ స్తంభాల వైపు తిరిగింది. ఫ్లెక్సీ లేదు. మొండి తాళ్ళు మాత్రం స్తంభాలకి వేలాడుతున్నాయి, కొసలు నున్నగా, ఒక్క దెబ్బకి తెగినట్టు.

"తాళ్ళున్నాయి చూడండి," అందావిడ.

మేస్త్రి తాళ్ళ వంక చూశాడు. తన కటింగ్ ప్లేరు గుర్తొచ్చింది. ఆ తలపుని అక్కడే తొక్కిపెట్టాడు. ఊళ్ళో స్తంభాలకి తాళ్ళు కొల్లలు. ఎవడో ఏదో కడతాడు, ఎవడో విప్పుతాడు.

"తాళ్ళకేం, బర్రెని కట్టినా తాళ్ళే ఉంటాయి. చెప్పలేదు మీరు. అంతే."

ఫోను మోగింది. అవతలి నుంచి లారీ డ్రైవరు. రోడ్డుకి అటువైపు చెయ్యి ఊపుతూనే ఫోనులో మాట్లాడుతున్నాడు.

"మేస్త్రీ, ఇంకాసేపు చూస్తాను. ఆ తర్వాత వెనక్కి పోతా. డ్రమ్ములో గడ్డకట్టిందంటే మా ఓనరు నన్నే లోపలికి దింపి సుత్తి ఇస్తాడు."

"కదిలావంటే చూడు."

"ముందుకి కదిలే దారుంటే ఇక్కడెందుకుంటాను?"

మొదటి గుంపు వచ్చింది. వందల కాళ్ళు ఒక్కసారిగా రోడ్డు మీద చప్పుడు చేశాయి. బక్కవాళ్ళు ముందు, బలిసినవాళ్ళు వెనక. ఒక కుర్రాడి వీపు మీద "అమ్మ కోసం" అని రాసి ఉంది. మేస్త్రి చదవకూడదనుకునే లోపే కళ్ళు చదివేశాయి. మొహం తిప్పేసుకున్నాడు. గుంపు వెళ్ళిపోయింది. రోడ్డు మళ్ళీ ఖాళీ. అవతల దూరంగా మలుపు దగ్గర ఇంకో గుంపు కనబడుతోంది గానీ ఇక్కడికి రావడానికి వ్యవధి ఉంది. ఆ ఖాళీలో ఒకామె పళ్ళబుట్ట నెత్తిన పెట్టుకుని తాపీగా రోడ్డు దాటింది. కానిస్టేబుల్ చూశాడు గానీ ఆపలేదు.

మేస్త్రి కాసేపు ఆ బుట్టవైపే చూశాడు.

"మనుషులు దాటొచ్చా?" అన్నాడు.

"ఖాళీ చూసుకుని దాటొచ్చు. బండ్లే కుదరదు."

"నెత్తి మీద ఏదన్నా ఉంటే?"

"ఉంటే ఉంటుంది. మనిషే కదా."

"ఆ మాట మీద ఉండండి."

వెనక్కి తిరిగి సందులోకి కేకేశాడు. "అందరూ తట్టలు పట్టుకుని రండి! పైన వైబ్రేటరు పట్టేవాళ్ళు తప్ప ఒక్కరు కూడా ఉండొద్దు!"

ముఠా మొత్తం బిలబిలమంటూ వచ్చి కంచె దగ్గర బారు తీరింది. కానిస్టేబుల్ నోరు తెరిచాడు.

"ఇదేంటయ్యా?"

"మనుషులు," అన్నాడు మేస్త్రి. "మీరే అన్నారు."

"నేనన్నది ఒకరో ఇద్దరో..."

"లెక్క చెప్పలేదు మీరు."

బావమరిది కంచె సందులోంచి దూరుతూ, "సారూ, మేమూ ఊపిరితిత్తుల కోసమే. దాటేసరికి మావి బయటికొచ్చేస్తాయి," అన్నాడు. కానిస్టేబుల్‌కి నవ్వొచ్చింది. నవ్వినవాడికి ఆపడం కష్టం. మొహం అటు తిప్పుకుని మిగిలిన టిఫిను వైపు నడిచాడు.

అవతల ఇనుపరేకులు పరిచి లారీ సరుకు దింపింది. పారలు లేచాయి. తట్టలు నిండాయి. ఖాళీ దొరికినప్పుడల్లా బారు బారంతా ఒక్క ఉదుటున రోడ్డు దాటుతుంది, ఇవతలివాళ్ళు అందుకుని సందులోకి పంపుతారు, ఖాళీ తట్టలు పట్టుకుని బారు వెనక్కి. గుంపు వస్తే రోడ్డు పక్కన ఆగుతారు, నెత్తి మీద బరువుతో, మెడ నరాలు తేలి. పరిగెత్తేవాళ్ళు వింతగా చూస్తూ పోతున్నారు. ఒకాయన రొప్పుతూనే, "మీది ఏ టీమండీ?" అని అడిగాడు.

"తట్టల టీమండీ," అన్నాడు బావమరిది. "మీరు మెడలో పతకం కోసం, మేం మెడ మిగలడం కోసం."

మేస్త్రి నవ్వలేదు. కప్పు ఎక్కి గోనెపట్టా ఎత్తి పోసిన అంచులో బొటనవేలు నొక్కాడు. దిగింది. దిగినంత సేపూ అది బతికున్నట్టే. మొదటి తట్ట అంచు మీద పడింది, వైబ్రేటరు దిగింది, పాతదీ కొత్తదీ కలిసి వణికాయి. కానీ బొటనవేలు పొద్దున దిగినంత సులువుగా దిగలేదన్న సంగతి అతని వేలికే తెలుసు. తట్టలు చాలడం లేదు. అంచు పొడవు ఎక్కువ, వచ్చే సరుకు తక్కువ. ఒక కొస బతికిస్తుంటే ఇంకో కొస చచ్చిపోయేలా ఉంది.

"ఇంకా తొందరగా!" అని అరిచాడు కిందికి. "నిద్రపోతున్నారా?"

తొందర పెట్టినందుకు ఫలితం దక్కింది. మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మ రోడ్డు మధ్యలో తూలింది. తట్ట జారింది. తడి కాంక్రీటు రోడ్డు మీద చిమ్మింది, సరిగ్గా మలుపు దగ్గరి గుంపు మీదికొచ్చేసే సమయానికి.

పచ్చచొక్కా ఆవిడ ఒక్క గెంతులో మధ్యలోకి దూకింది. రెండు చేతులూ బారచాపి విజిలు ఊదింది. ఊపిరి ఆగేదాకా ఊదింది. ముందున్నవాళ్ళు కాళ్ళకి బ్రేకులు వేసి పక్కకి చీలిపోయారు. ఒకడు జారి, రెండు చేతులూ గాలిలో తిప్పి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. గుంపు పోయింది. ఆవిడ ముసలమ్మని పట్టుకుని నడిపించి కంచెకి ఆనించి, మేస్త్రి మీదికొచ్చింది. అతను అప్పటికే కప్పు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మనిషి పడుంటే? మీ అమ్మలాంటిదామె, తల పగిలుంటే?"

మేస్త్రి గోనెపట్టా తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తాపీతో రోడ్డు గీకాడు. పిడికెడు కూడా వదలకుండా ఎత్తి తట్టలో వేశాడు. మట్టి కలిసింది కాబట్టి కప్పుకి పనికిరాదు. అయినా ఎత్తాడు.

"ఇక నుంచి నా విజిలు లేకుండా ఎవరూ రోడ్డు మీద కాలు పెట్టకూడదు," అందావిడ.

"మీ విజిలు కోసం నా పని ఆగదు."

"ఆగదు. ఆగకుండా ఉండాలనే చెప్తున్నా. మలుపు అవతల ఏం వస్తోందో మా వాళ్ళు నాకు ఫోనులో చెప్తారు, మీకు కనబడదు. ఒక ఊదు ఊదితే దాటండి, రెండు ఊదితే ఆగండి. గుంపుగా దాటకండి, మధ్యలో చేతులు మార్చుకోండి. నాకు కింద పడ్డ మనిషి ఉండకూడదు. మీకు ఆగిన పని ఉండకూడదు. ఇంకేమన్నా వాదిస్తారా?"

వాదించడానికి చాలా ఉంది. ఆ గుండె మీది గుర్తుతోనే బోలెడు ఉంది. కానీ కప్పు మీద అంచు ఆరుతోంది.

"ఊదండి," అన్నాడు.

ఆవిడ ఊదింది. బారు రోడ్డు మీదికి పాకింది. ఈసారి ఎవరూ పరిగెత్తలేదు. ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు, తట్టే నడిచింది, చేతి నుంచి చేతికి, రోడ్డు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి. రెండు ఊదులు. బారు మధ్యలో విడిపోయింది, గుంపు దాని మధ్యలోంచి పోయింది. ఒక ఊదు. బారు మళ్ళీ అతుక్కుంది. ముసలమ్మ కంచెకి ఆనుకుని, ఖాళీ తట్టలు అందించే పని తనే పెట్టుకుంది. వద్దంటే వినే రకం కాదు. చేపల వ్యాను డ్రైవరు విసుగెత్తి వచ్చి ఒక పార పట్టుకున్నాడు. బస్సు డ్రైవరు మాత్రం రెండో నారింజ తీశాడు.

మేస్త్రి మళ్ళీ కప్పు మీదికి వెళ్ళాడు. పై నుంచి వింటుంటే విజిలూ, నిచ్చెన కింద కూతురి "అందుకో"వూ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆ వరస అతనికి తెలుసు. స్లాబు పోసే రోజున భార్య గొంతు సరిగ్గా ఆ వరసనే నడిచేది. చేతులు వాలిపోతున్నా, దగ్గు అడ్డొస్తున్నా, ఆ గొంతు తడబడేది కాదు. "ఆపకండి" అనేది, అంతే, ఇంకేం అనేది కాదు. మేస్త్రి ఆ తలపుని కూడా తొక్కిపెట్టి అంచు మీద వంగాడు. పాతది కనబడకుండా కొత్తది ఎక్కింది. మూలలు నిండాయి. మట్టపుకర్ర లాగాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కప్పంతా ఒకటే ముక్క. ఎక్కడ ఆగిందో, ఎక్కడ మొదలైందో అతనికే గుర్తుపట్టడం కష్టం.

కింది నుంచి కూతురు అరిచింది. "నాన్నా, అయిపోయింది! ఇదే ఆఖరి తట్ట!"

"ఆఖరివాడు దాటాడా?" అన్నాడు మేస్త్రి.

"లేదు, ఇంకా రాలేదు. టీ తాగుతున్నాడేమో!"

ముఠా అంతా నవ్వింది. మేస్త్రి మూతి కూడా ఒక పక్క కాస్త కదిలింది. కప్పు మీదివాళ్ళంతా కిందికి చూస్తున్నారు కాబట్టి ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నానికి కంచెలు తీసేశారు. హారన్లు ఒక్కసారిగా కట్టలు తెంచుకున్నాయి. పొద్దున్నుంచీ ఆగిన రోడ్డంతా ఒకేసారి కదలాలని చూసి, అస్సలు కదల్లేక ఇంకాసేపు ఇరుక్కుంది. ముఠా సందులో గోడ నీడన చతికిలబడి అన్నాలు తింటోంది. అప్పుడు పడమటి వైపు మబ్బు పట్టింది.

"వానొచ్చేలా ఉంది నాన్నా," అంది కూతురు. "కప్పాలి."

"ఏదుంటే అది తీసుకురా," అన్నాడు మేస్త్రి కప్పు మీంచి.

ఆమె వెళ్ళి సిమెంటు బస్తాల మీంచి ఫ్లెక్సీ లాక్కొచ్చింది. బావమరిది ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కప్పు మీదికి ఎక్కి, మడతలు విప్పి, గాలికి ఎగరకుండా రెండు వైపులా లాగి పరిచారు. అక్షరాలు ఆకాశం వైపు తెరుచుకున్నాయి. మనిషి చెయ్యంత అక్షరాలు. అవతలి మేడల మీంచి కూడా కనబడతాయి.

బావమరిదికి చదువు అంతంతమాత్రం. అందుకని చదవడం మొదలుపెడితే ఆపడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు.

"ఆ-ది-వా-రం ఉదయం... ఈ రోడ్డు... మూసి ఉంటుంది. లా-రీలు, బస్సులు... వేరే దారి... చూసుకోగలరు. మీకు కలిగే ఇబ్బందికి..."

"చాలు," అంది కూతురు మెల్లగా.

"ఉండవే, అయిపోవచ్చింది. ...మన్నించండి. ఓహో! బావా, ముందే మన్నించమన్నారు బావా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికి అర్థమైంది. కొస పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే బిగుసుకుపోయాడు. కింద గోడ నీడన నములుతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి. ఆ ఫ్లెక్సీ ఎవరు తెచ్చారో ముఠాలో తెలియనివాళ్ళు లేరు. ఆ గుర్తున్న ఫ్లెక్సీ తెచ్చేది ఊళ్ళో ఒక్కడే.

సరిగ్గా అప్పుడే సందులోకి పచ్చచొక్కా ఆవిడ వచ్చింది. చంకలో చుట్టచుట్టిన ఫ్లెక్సీలు నాలుగైదు ఉన్నాయి. పందెం అయ్యాక కట్టినవన్నీ విప్పి పట్టుకెళ్తోంది.

"ఇక్కడ కట్టినదొక్కటి దొరకట్లేదు," అంది ఎవరితోనూ కాకుండా. "మళ్ళీ ఏడాదికి పనికొస్తుంది కదాని..."

తల ఎత్తింది. కప్పు అంచు మీంచి ఫ్లెక్సీ మూల ఒకటి కిందికి వేలాడుతోంది. ఆ మూల మీద అరచేతిలో దీపం.

మేస్త్రి కప్పు మీద నిలబడి ఉన్నాడు. ఆవిడ కింద నిలబడి ఉంది. ఒక మాట చాలు. అతని గొంతులో ఆ మాట లేకపోలేదు. పైకి లేచింది, నాలుక దాకా వచ్చింది, అక్కడ ఆ బల్ల అడ్డుపడింది, బల్ల మీద వాలిన తల అడ్డుపడింది. మాట వెనక్కి దిగిపోయింది.

కూతురు నోరు తెరిచింది. "అమ్మగారూ, అదీ..."

"అంచుల మీద ఇటుకలు పెట్టండి," అందావిడ కప్పు వంక చూస్తూ. "గాలొస్తే లేచిపోతుంది. పొద్దున్నుంచీ పడ్డ కష్టం." అంతే. చంకలో చుట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రి అనుకున్నాడు. తిడితే తిరిగి తిట్టడం అతనికి వచ్చు. దీనికేం చెయ్యాలో ఊరి బళ్ళో చెప్పలేదు.

"తిరగేసి వెయ్యండి," అన్నాడు. "అక్షరాలు లోపలికి."

"లోపలికి వేస్తే కాంక్రీటు చదువుకుంటుంది బావా," అన్నాడు బావమరిది, ఆపుకోలేక.

మేస్త్రి ఒక చూపు చూశాడు. ఇద్దరూ ఫ్లెక్సీ తిరగేశారు. మేస్త్రి చుట్టూ తిరిగి అంచుల మీద తనే ఇటుకలు పేర్చాడు, ఆవిడ చెప్పినట్టే, ఒక్కటి తక్కువ కాకుండా.

వాన పడింది. గట్టిగానే పడింది. ముఠా వెళ్ళిపోయింది. గదిలో కప్పుని మోసే వాసాలు గుంపుగా నిలబడి ఉన్నాయి. ఆ వాసాల మధ్య, ఒకప్పుడు మంచం ఉండే చోట, మేస్త్రి ఇటుక మీద కూర్చుని పైకి చూశాడు. కప్పు కింది సెంట్రింగు పలకలు పొడిగా ఉన్నాయి. గిన్నె అక్కర్లేదు. కూతురు వచ్చి ఎదురుగా ఇంకో ఇటుక మీద కూర్చుంది. 

"అమ్మ ఉంటే," అంది కూతురు, "ఇవాళ నిన్ను ఏడిపించి వదిలేది నాన్నా."

మేస్త్రి తల ఊపాడు. ఆ మాట వరకూ ఒప్పుకున్నాడు.

"నాన్నా, ఆ ఫ్లెక్సీ సంగతి... రేపు కడిగి, నేనే పట్టుకెళ్ళి ఆవిడకి..."

"పట్టుకెళ్ళు."

"ఏం చెప్పమంటావు?"

మేస్త్రి లేచాడు. తాపీ తీసి, అంటుకున్న కాంక్రీటు గోటితో గీకి, గోడ మేకుకి తగిలించాడు.

"ఏమీ చెప్పకు. ఇచ్చి వచ్చెయ్. ఈ కప్పు కింద ఆ మాట ఇంకెవరూ ఎత్తకూడదు. నువ్వు గానీ, మీ మామయ్య గానీ, ఎవరూ. నేను ఎత్తను."

ఎత్తలేదు.